వివరాల మార్పుకిచ్చిన పాస్‌పోర్టు ఆచూకీ లేకపోతే: స్టేషన్‌కి వెళ్ళేముందు చేయాల్సిన పనులు

పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనో, పుట్టిన తేదీలో తప్పు దిద్దించుకోవాలనో, ఇల్లు మారామనో పాస్‌పోర్టు రీఇష్యూకి పెడతారు. కౌంటర్ దగ్గర పని సాఫీగానే అయిపోతుంది. ఆ తరువాత రోజులు గడుస్తాయి గానీ కవరు రాదు. ఇంట్లో ఎవరో ఒకరు "స్టేషన్‌కెళ్ళి పోయిందని రాసిచ్చేయ్, ఇంకోటి ఇచ్చేస్తారు" అంటారు. ఆ సలహా మాత్రం వెంటనే పాటించకండి. పోయిందని ఒకసారి రికార్డుకెక్కిన నంబరు ఇక చెల్లదు. మర్నాడే ఆ కవరు మీ పోస్టాఫీసు అరలో కనబడినా దాంతో విమానం ఎక్కలేరు. ఫీజు కూడా వేరే. పెద్దవాళ్ళకి వివరాల మార్పుకైతే 36 పేజీల బుక్‌లెట్‌కి 1500 రూపాయలు, పోయినదాని బదులు తీసుకుంటే 3000. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, మీ చేతికే రాని పుస్తకాన్ని మీరే పోగొట్టుకున్నట్టు సంతకం పెట్టినవాళ్ళవుతారు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఇది: చివరిసారి ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంది, ఆ మాటకి కాగితం ఏముంది. ఎవరిని అడగాలి, ఎవరు ఫిర్యాదు పెట్టాలి, ఎవరు డబ్బు కట్టాలి అన్నవన్నీ దీన్నిబట్టే తేలతాయి.

కనబడనిది ఏ పుస్తకం?

మన దేశంలో వివరాలు మారితే పాత పుస్తకంలో దిద్దరు. కొత్త నంబరుతో కొత్త బుక్‌లెట్ ఇస్తారు. అంటే ఒక్క దరఖాస్తులో రెండు పుస్తకాలుంటాయి. పాతదాన్ని రద్దు ముద్ర వేసి, అట్ట మూల కత్తిరించి మీకు తిరిగి ఇచ్చేస్తారు. కొత్తదాన్ని రీజినల్ పాస్‌పోర్ట్ ఆఫీసు, అంటే ఆర్‌పీవో, ముద్రించి స్పీడ్ పోస్టులో పంపుతుంది. తెలుగు రాష్ట్రాలకి హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ ఆర్‌పీవోలున్నాయి.

కొత్త బుక్‌లెట్ దారిలో ఆగిపోవడం వేరు. రద్దయిన పాతది కనబడకపోవడం వేరు. విదేశంలో ఉండి, ఇంకా చెల్లుబాటులో ఉన్న పాతదాన్ని దరఖాస్తుతో పాటు అప్పగించినప్పుడు అది పోవడం మరో సంగతి. మొదటిది, మూడోది తీవ్రమైనవి, ఎందుకంటే అవి వేరేవాళ్ళ చేతిలో పడితే వాడుకోగలిగే పత్రాలు. రెండోది వీసాలు లేకపోతే పెద్ద నష్టమేమీ కాదు. కాల్ సెంటర్‌కి ఫోన్ చేసినా, ఉత్తరం రాసినా మొదటి వాక్యంలోనే ఏ నంబరు పుస్తకమో చెప్పండి. "నా పాస్‌పోర్టు రాలేదు" అని ఊరికే అంటే అవతలివాళ్ళకి పాతదో కొత్తదో తెలియదు, జవాబూ తప్పుదారి పడుతుంది.

దరఖాస్తు పెట్టే ముందు

పాత పాస్‌పోర్టు ప్రతి పేజీనీ స్కాన్ చేసి పెట్టుకోండి, ఖాళీ పేజీలతో సహా. ఫోన్‌తో ఫొటో తీసినా సరే, నంబరు, ఫొటో కింద ఉండే రెండు వరుసల కోడ్ మసకబారకుండా రావాలి. మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు మాత్రం కాగితం మీద రెండేసి కాపీలు తీయించి సంతకం పెట్టి ఉంచండి. పోయిన పాస్‌పోర్టు బదులు ఇంకోటి అడగాల్సి వస్తే మొదట అడిగేది ఆ నాలుగు పేజీలే. చివరి పేజీలో పాత ఫైల్ నంబరు కూడా ఉంటుంది, అది లేకపోతే పాత రికార్డు వెతకడం ఆలస్యమవుతుంది. వీసా పేజీలు, ఆఖరిసారి దేశం దాటినప్పటి ముద్రలు విడిగా ఇంకో ఫైల్లో పెట్టండి. ఇవన్నీ మీ ఈమెయిల్‌కి మీరే పంపుకుంటే ఫోన్ పోయినా దొరుకుతాయి.

ఇక అడ్రస్. కవర్లు తప్పిపోవడానికి దొంగతనం కన్నా అడ్రసే ఎక్కువ కారణం. ఫారంలో మీరు రాసిన ప్రస్తుత చిరునామాకే కవరు వెళుతుంది, మధ్యలో వేరే చోటికి మళ్ళించమంటే కుదరదు. అందుకే ఇవి చూసుకోండి.

ఊళ్ళో డోర్ నంబర్లు మారి ఉంటే గుమ్మం మీద ఇప్పుడున్న నంబరు ఏదో అదే రాయాలి. ఆధార్‌లో పాతది, గోడ మీద కొత్తది ఉంటే ముందు ఆధార్ దిద్దించుకుని ఆ తరువాతే పాస్‌పోర్టుకి పెట్టడం మేలు. అపార్ట్‌మెంట్ అయితే ఫ్లాట్ నంబరు, బిల్డింగ్ పేరు, వీధి, పిన్ కోడ్ వరుసగా ఉండాలి. ఫ్లాట్ నంబరు ఒక గడిలో, బిల్డింగ్ పేరు ఇంకో గడిలో పడి ముద్రణలో బిల్డింగ్ పేరు ఎగిరిపోవడం మామూలే. పిన్ కోడ్ ఒక్క అంకె తప్పినా కవరు వేరే డెలివరీ ఆఫీసుకి పోతుంది. అక్కడ వాళ్ళు ఆ ఇల్లు లేదని తిప్పి పంపేస్తారు. ఆరు అంకెలూ ఇండియా పోస్ట్ సైట్‌లో సరిచూసుకోవడానికి నిమిషం పట్టదు. హాస్టల్, పీజీ, అద్దె గది అడ్రస్ ఇస్తుంటే కవరు వచ్చేదాకా అక్కడే ఉంటారో లేదో ముందే ఆలోచించుకోండి. పోలీసు వెరిఫికేషన్ కూడా ఆ అడ్రస్‌కే వస్తుంది.

ఇంటిపేరు మార్పుకి పెట్టినవాళ్ళకి మరొక ఇబ్బంది ఉంది. దీన్ని చాలామంది ఊహించరు. కవరు మీద కొత్త పేరుంటుంది, చేతిలో ఉన్న ఆధార్ మీద పాత పేరుంటుంది. పాస్‌పోర్టు కవరు దరఖాస్తుదారు చేతికే, గుర్తింపు కార్డు చూసి ఇవ్వాలి కాబట్టి పేరు కలవకపోతే పోస్ట్‌మ్యాన్ ఇవ్వకుండా వెనక్కి తీసుకుపోవచ్చు. అలా చేస్తే అది అతని తప్పు కాదు. పెళ్ళి సర్టిఫికెట్ కాపీ, దరఖాస్తు అక్నాలెడ్జ్‌మెంట్, రద్దయిన పాత పాస్‌పోర్టు మూడూ ఒకే కవర్లో గుమ్మం దగ్గర పెట్టుకోండి. అత్తగారింట్లో కొత్తగా అడుగుపెట్టిన అమ్మాయి పేరు ఆ బీట్ పోస్ట్‌మ్యాన్‌కి తెలియదు, పక్కింటివాళ్ళకీ తెలియదు. "ఈ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరు" అని వాళ్ళే చెప్పి పంపేస్తారు. పోస్టాఫీసుకి వెళ్ళి ఫలానా పేరు మీద ఉత్తరం వస్తుందని ముందే చెప్పి రావడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనిచేస్తుంది.

సేవా కేంద్రంలో

పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఎ, బి, సి అని మూడు కౌంటర్లు. ఎ దగ్గర ఫొటో, వేలిముద్రలు తీసి పత్రాలు స్కాన్ చేస్తారు. బి దగ్గర పత్రాలు పరిశీలిస్తారు. సి దగ్గర మంజూరు నిర్ణయం జరుగుతుంది. ఎ దగ్గర మీ వివరాలు తెర మీద చూపించి సరిచూసుకోమంటారు. అక్కడ అందరూ పేరు, పుట్టిన తేదీ చూసి సరేనంటారు, అడ్రస్ చదవరు. అడ్రస్‌ని అక్షరం అక్షరం చదవండి, మొబైల్ నంబరు కూడా చూడండి. దిద్దడానికి అదే తేలికైన చోటు, సి దాటాక ప్రతి దిద్దుబాటుకీ ఆర్‌పీవో చుట్టూ తిరగాలి.

ఒరిజినల్ పత్రాలు అక్కడికక్కడే తిరిగి ఇస్తారు. బయటికొచ్చే గుమ్మం దగ్గర అక్నాలెడ్జ్‌మెంట్ కాగితం ఇస్తారు, దాని మీద 15 అక్షరాల ఫైల్ నంబరుంటుంది. అక్కడే ఒక బల్ల దగ్గర నిలబడి లెక్క చూసుకోండి: తెచ్చిన ఒరిజినల్స్ ఎన్ని, చేతిలో ఉన్నవెన్ని, పాత పాస్‌పోర్టు తిరిగి వచ్చిందా, దాని మీద రద్దు ముద్ర పడిందా.

పాత పుస్తకం ఏ కారణంగానైనా వాళ్ళు ఉంచుకుంటే, ఉంచుకున్నట్టు దాని నంబరుతో సహా అక్నాలెడ్జ్‌మెంట్ మీద రాసి సంతకం పెట్టమని అడగండి. మొహమాటపడొద్దు. రాయనంటే ఆ సాయంత్రమే ఆర్‌పీవోకి ఈమెయిల్ పెట్టండి: ఫలానా తేదీన, ఫలానా కేంద్రంలో, ఫలానా కౌంటర్‌లో, ఫలానా నంబరు పాస్‌పోర్టు ఉంచుకున్నారు అని. నెల తరువాత ఎవరికీ ఏదీ గుర్తుండదు, ఆ ఈమెయిల్ తేదీ ఒక్కటే సాక్ష్యం. పోస్టాఫీసులో నడిచే సేవా కేంద్రాల్లో, అంటే పీవోపీఎస్‌కేల్లో, పత్రాలు అక్కడ చూసినా ముద్రణ ఆర్‌పీవోలోనే జరుగుతుంది కాబట్టి అక్కడ ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఏజెంటు చేతికి పాస్‌పోర్టు ఇచ్చి "నువ్వే చూసుకో" అనడం గురించి ఒక్క మాట చాలు. అతని దగ్గర పోతే మీ దగ్గర పోయినట్టే లెక్క.

స్టేటస్ ఎక్కడ ఆగిందో చదవడం

పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో ఫైల్ నంబరు, పుట్టిన తేదీ కొడితే స్టేటస్ వస్తుంది. పోలీసు వెరిఫికేషన్ పెండింగ్ అని ఉంటే పుస్తకం ఇంకా పుట్టనే లేదు, వెతకాల్సింది స్టేషన్‌లో ఫైల్‌ని. గ్రాంట్ అయింది, ప్రింటింగ్‌లో ఉంది అంటే ఆర్‌పీవోలోనే ఉంది. డిస్పాచ్ అయింది అని తేదీ, స్పీడ్ పోస్టు నంబరు వస్తేనే పుస్తకం తపాలా శాఖ చేతికి వెళ్ళినట్టు. ఆ నంబరు 13 అక్షరాలది: ముందు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. సున్నాని ఓ అని చదివి కొట్టడం వల్ల "రికార్డు లేదు" అని వచ్చిన సందర్భాలు తక్కువేం కాదు.

లేబుల్ వేసిన రోజు, తపాలాకి అప్పగించిన రోజు ఒకటే కాకపోవచ్చు. కాబట్టి మొదటి రోజు ట్రాకింగ్ ఖాళీగా ఉంటే కంగారు పడొద్దు. మూడు పనిదినాలు దాటినా "ఐటమ్ బుక్డ్" కూడా రాకపోతే మాత్రం అడగాల్సింది పోస్టాఫీసుని కాదు, ఆర్‌పీవోని. తపాలా వాళ్ళకి ఆ కవరు అందినట్టు వాళ్ళ రికార్డులోనే లేదు మరి.

బుక్ అయ్యాక "బ్యాగ్డ్", "డిస్పాచ్డ్", "రిసీవ్డ్" అని వరుసగా వస్తాయి. కవర్లని ఒక సంచిలో వేసి మూసి సీలు వేస్తారు, దారిలో సంచికే నంబరు, సంచికే స్కానింగ్. సంచి విప్పి ఒక్కో కవరూ స్కాన్ చేసేదాకా మీ కవరు కదలిక విడిగా కనబడదు. అందుకే "డిస్పాచ్డ్" తరువాత రెండు మూడు రోజులు నిశ్శబ్దంగా ఉన్నా పోయినట్టు కాదు. వారం దాటినా "రిసీవ్డ్" రాలేదంటే రెండు సార్టింగ్ కేంద్రాల మధ్య చిక్కుకుందని అర్థం. ఫిర్యాదులో ఆ రెండు ఆఫీసుల పేర్లూ రాయండి, వెతకాల్సిన జాగా సగానికి సగం తగ్గుతుంది. "మిస్‌సెంట్" అని ఉంటే వేరే ఊరి సంచిలో పడింది, సాధారణంగా తిరిగి దారిలో పడుతుంది.

ఇక డెలివరీ దగ్గర వచ్చే మాటలు. "డోర్ లాక్డ్" అంటే పోస్ట్‌మ్యాన్ వచ్చినప్పుడు తాళం వేసి ఉంది. కవరు డెలివరీ ఆఫీసులో కొద్దిరోజులే ఉంచి వెనక్కి పంపేస్తారు, కాబట్టి ఆ మాట చూసిన రోజే వెళ్ళాలి. "ఇన్సఫిషియంట్ అడ్రస్" అంటే ఇల్లు పట్టుకోలేకపోయారు. "అడ్రెసీ లెఫ్ట్ వితౌట్ ఇన్‌స్ట్రక్షన్స్" అంటే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళారని ఎవరో చెప్పారు. ఈ చివరి రెండూ కనబడితే కవరు తిరుగుదారి పట్టే లోపు ఒరిజినల్ గుర్తింపు కార్డు, అక్నాలెడ్జ్‌మెంట్, ట్రాకింగ్ నంబరు పట్టుకుని ట్రాకింగ్‌లో చివరగా కనబడిన ఆఫీసుకే వెళ్ళండి. మీ వీధి చివరున్న పోస్టాఫీసుకి కాదు. అన్ని పోస్టాఫీసులూ డెలివరీ చేయవు, పెద్ద ఊళ్ళలో స్పీడ్ పోస్టు వేరే కేంద్రం నుంచి వస్తుండవచ్చు. ఉదయం పోస్ట్‌మ్యాన్లు బీట్‌కి బయల్దేరక ముందు వెళితే మనిషీ దొరుకుతాడు, కవరూ దొరుకుతుంది.

ప్రతి మార్పుకీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ట్రాకింగ్ సమాచారం సైట్‌లో ఎల్లకాలం ఉండదు.

ఆర్‌పీవోకి తిరిగి వెళ్ళిపోతే

ఇది నయమైన పరిస్థితి, పుస్తకం భద్రంగా ఉన్నట్టే. పోర్టల్‌లో ఆర్‌పీవో ఎంక్వైరీ అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళండి. కవరు మీద తిప్పి పంపిన కారణం రాసి ఉంటుంది, దాన్నిబట్టి అడుగుతారు. తాళం వేసి ఉందన్న కారణమైతే అదే అడ్రస్‌లో ఉంటున్నట్టు రుజువు చూపిస్తే చాలు. వెళ్ళేముందు పాస్‌పోర్ట్ కాల్ సెంటర్ 1800-258-1800 కి ఫోన్ చేసి స్టేటస్‌లో తిరిగి వచ్చినట్టు ఎక్కిందో లేదో అడగండి. ట్రాకింగ్‌లో కనబడ్డా ఆర్‌పీవో రికార్డులో ఎక్కడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, ఈ మధ్యలో వెళితే "మా దగ్గరికి రాలేదు" అన్న జవాబే వస్తుంది. దరఖాస్తు పెట్టాక ఇల్లు నిజంగానే మారిపోయి ఉంటే దాచకండి. అడ్రస్ తప్పు అని తెలిసీ తీసుకున్న పాస్‌పోర్టు ముందుముందు వెరిఫికేషన్‌లో దొరికిపోతుంది.

"డెలివర్డ్" అని ఉంది, చేతికి రాలేదు

అన్నిటికంటే త్వరపడాల్సింది ఇక్కడే. చాలాసార్లు కవరు వాచ్‌మ్యాన్ డెస్కులోనో, కింది పోర్షన్ వాళ్ళ ఫ్రిజ్ మీదో, ఆఫీసు రిసెప్షన్‌లోనో ఉంటుంది. ముందు అవి వెతకండి. అదే పేరున్న ఇంకొకరు ఆ వీధిలో ఉంటే వాళ్ళింట్లోనూ అడగండి. దొరక్కపోతే ఆ రోజే డెలివరీ ఆఫీసుకి వెళ్ళి పోస్ట్‌మాస్టర్‌ని డెలివరీ రికార్డు చూపించమని అడగండి. ఎవరు సంతకం పెట్టారు, ఏ పేరు రాశారు, ఏ సమయానికి అన్నది అందులో ఉంటుంది. మీ సంతకం కాకపోతే అక్కడికక్కడే రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే ఫిర్యాదు లేనట్టే.

అదే రోజు ఇండియా పోస్ట్ సైట్‌లోనో, 1800-266-6868 లోనో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. స్పీడ్ పోస్టు పోతే వచ్చే పరిహారం నామమాత్రం, దాని కోసం కాదు ఇది. పుస్తకం మీ చేతికి రాలేదని తపాలా శాఖ రాసిచ్చే జవాబు కావాలి. ఆర్‌పీవో దగ్గర మీ వాదన నిలబెట్టేది ఆ కాగితమే.

ఆర్‌పీవోకి రాయడం

తపాలా ఫిర్యాదు నంబరు చేతికొచ్చాక ఆర్‌పీవోకి ఉత్తరం, ఈమెయిల్ రెండూ పంపండి. కష్టాలు వర్ణించకుండా తేదీలు, నంబర్లు వరుసగా పెట్టాలి. ఏ భాషలో రాసినా ఈ క్రమం ఉంచండి:

*విషయం: ఫైల్ నంబరు … కొత్త పాస్‌పోర్టు అందకపోవడం గురించి.*

*పేరులో మార్పు కోసం … తేదీన … సేవా కేంద్రంలో రీఇష్యూకి దరఖాస్తు చేశాను. పాత పాస్‌పోర్టు నంబరు …, రద్దు చేసి నాకు తిరిగి ఇచ్చారు. కొత్తది … తేదీన స్పీడ్ పోస్టు నంబరు … ద్వారా పంపినట్టు స్టేటస్ చూపిస్తోంది. ట్రాకింగ్ ప్రకారం చివరిసారి … తేదీన … ఆఫీసులో ఉంది. ఈ పుస్తకం నాకు అందలేదు. తపాలా శాఖ ఫిర్యాదు నంబరు …. పంపినవారు మీరే కనుక తపాలా శాఖను మీ తరఫున విచారించవలసిందని, పుస్తకం మీకు తిరిగి చేరిందీ లేనిదీ తెలపవలసిందని, చేరకపోతే నేను ఏ విధంగా దరఖాస్తు చేయాలో, ఫీజు విషయం ఏమిటో రాతపూర్వకంగా తెలపవలసిందని కోరుతున్నాను.*

ఇందులో "పోగొట్టుకున్నాను" అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. "అందలేదు" అన్నది నిజం, అదే రాయాలి. "పంపినవారు మీరే" అన్న వాక్యం కూడా వదలొద్దు. స్పీడ్ పోస్టు బుక్ చేసినది ఆర్‌పీవో, తపాలా శాఖకి పంపినవారి విచారణ మీద ఉండే శ్రద్ధ అందుకోవాల్సినవారి మీద ఉండదు.

జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ అయిన సీపీగ్రామ్స్‌లో విదేశాంగ మంత్రిత్వ శాఖ మీద ఫిర్యాదు పెట్టి ఈ ఉత్తరం జత చేయండి. తపాలా శాఖ మీద విడిగా ఇంకోటి. రెండు శాఖల్నీ ఒకే ఫిర్యాదులో కలిపితే ఒకరి మీద ఒకరు నెట్టుకుని రెండూ మూసేస్తారు. ఫిర్యాదుని "పరిష్కరించాం" అని ఊరికే మూసేస్తే సమాచార హక్కు దరఖాస్తు పనికొస్తుంది. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో "నా పాస్‌పోర్టు ఎక్కడ" అని అడగొద్దు. ఫలానా ట్రాకింగ్ నంబరు కవరు డెలివరీ రికార్డు కాపీ, అది ఉన్న సంచిని విప్పిన తేదీ, విచారణ నివేదిక కాపీ అని పత్రాలు అడగండి.

పోయిందని చెప్పాల్సిన సమయం

తపాలా శాఖ దొరకలేదని రాసిచ్చాక, లేదా ఆర్‌పీవో ఆ దారిలో వెళ్ళమని చెప్పాక, లేదా కవరు కావాలని ఎవరో తీసుకున్నారని తేలాక ఇక ఆలస్యం చేయకూడదు. చెల్లుబాటయ్యే పుస్తకం బయట తిరుగుతుంటే అది మీ పేరు మీదే తిరుగుతుంది. పోలీసు ఫిర్యాదులోనూ జరిగింది జరిగినట్టే రాయించండి: స్పీడ్ పోస్టులో వస్తుండగా అందలేదు అని, ట్రాకింగ్ నంబరుతో సహా. రాసుకునేవాళ్ళు అలవాటుగా "బస్సులో ప్రయాణిస్తుండగా పోయినది" అని పెట్టేస్తే సంతకం పెట్టకండి. తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే పాస్‌పోర్టుల చట్టం 1967, సెక్షన్ 12 కింద రెండేళ్ళ వరకు జైలు, లేదా 5000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడే వీలుంది. పోర్టల్ రికార్డు ఒకటి చెప్పి, మీ ఫిర్యాదు ఇంకొకటి చెబితే ప్రశ్నలు మీకే వస్తాయి. కొత్త పుస్తకం నంబరు మీకు తెలియకపోతే ఫైల్ నంబరు రాయించి, పాస్‌పోర్టు నంబరు ఆర్‌పీవోని అడిగి చేర్పించండి.

ఆ తరువాత మళ్ళీ రీఇష్యూ దరఖాస్తు, కారణం కింద పోయిన పాస్‌పోర్టు అని. పోలీసు రిపోర్టు ఒరిజినల్, ఎలా ఎక్కడ పోయిందో చెప్పే అఫిడవిట్ అయిన అనెక్సర్ ఎఫ్, పుట్టిన తేదీ, అడ్రస్ రుజువులు, పాత పాస్‌పోర్టు మొదటి రెండు, చివరి రెండు పేజీల కాపీలు కావాలి. 36 పేజీలకి 3000, 60 పేజీలకి 3500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2000. కానీ ఈ ఫీజు కట్టే ముందే, పుస్తకం మీ చేతికి రాకముందే పోయిందన్న తపాలా జవాబు చూపించి ఆర్‌పీవో నిర్ణయం అడగండి. కట్టేశాక వాదించడం చాలా కష్టం. పేరు మార్పు పత్రాలు మళ్ళీ మొత్తం సెట్ తీసుకెళ్ళండి. పాత ఫైల్‌లో ఉన్నాయి కదా అన్న ధీమాతో వెళ్ళి రెండోసారి తిరగాల్సి వచ్చినవాళ్ళు చాలామంది.

విదేశంలో ఉన్నవాళ్ళకి

అక్కడ చేతులు ఎక్కువ మారతాయి. మీ నుంచి దరఖాస్తులు తీసుకునే ప్రైవేటు కేంద్రానికి, అక్కడి నుంచి కాన్సులేట్‌కి, తిరిగి కేంద్రానికి, కొరియర్‌లో మీకు. కొన్నిచోట్ల ఒరిజినల్ పాస్‌పోర్టు చూసి వెనక్కి ఇస్తారు, కొన్నిచోట్ల కొత్తది వచ్చేదాకా ఉంచుకుంటారు. మీ కాన్సులేట్ పద్ధతి ఏదో ముందే అడగండి. ఉంచుకునేచోటైతే రశీదు మీద పాస్‌పోర్టు నంబరు ఉండాలి, పంపే కొరియర్ సంతకం తీసుకుని ఇచ్చే రకమై ఉండాలి. ప్యాక్ చేసేటప్పుడు లోపలి పత్రాలు పరిచి, పైన పాస్‌పోర్టు తెరిచిపెట్టి, కొరియర్ లేబుల్ కూడా పడేలా ఒక ఫొటో తీసుకోండి. కవర్లో పాస్‌పోర్టు లేదు, కాగితాలే వచ్చాయి అని అంటే చూపించడానికి అది తప్ప ఇంకేమీ ఉండదు.

కేంద్రానికి చేరాక కదలిక ఆగితే కేంద్రం రిఫరెన్స్ నంబరు, పాస్‌పోర్టు దరఖాస్తు నంబరు రెండూ పెట్టి కాన్సులేట్‌కి నేరుగా రాయండి. కాన్సులేట్ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే విదేశాల్లో ఉన్న భారతీయుల ఫిర్యాదుల కోసం విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్ ఉంది. పోయిందని తేలితే స్థానిక పోలీసు రిపోర్టు, కాన్సులేట్‌కి సమాచారం తప్పనిసరి. ఇంటికి అత్యవసరంగా రావాల్సి వస్తే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు, కానీ అది భారత్‌కి ఒకవైపు ప్రయాణానికే. తిరిగి వెళ్ళడానికి కొత్త పాస్‌పోర్టు, దాని మీద వీసా మళ్ళీ చూసుకోవాలి. ఉద్యోగం అక్కడుంటే ఈ సంగతి ముందే యజమానికి రాసి తెలపండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు కొత్త నంబరు వచ్చిన వెంటనే దాన్ని రెసిడెన్సీ రికార్డులోకి ఎక్కించుకోవాలి. అది చేయకుండా ఎయిర్‌పోర్టుకి వెళితే ఎగ్జిట్ దగ్గర ఆగిపోవచ్చు.

రద్దయిన పాతది పోతే

అందులో చెల్లుబాటయ్యే వీసా ఉందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. లేకపోతే స్కాన్ కాపీతో సరిపెట్టుకోవచ్చు. ఉంటే మాత్రం నష్టమే. ఉదాహరణకి అమెరికా వీసా రద్దయిన పాస్‌పోర్టులో ఉన్నా, దానికి దెబ్బ తగలకుండా ఉంటే, పాత కొత్త పుస్తకాలు రెండూ పట్టుకుని ప్రయాణం చేయవచ్చు. ఆ పుస్తకమే పోతే వీసా కూడా పోయినట్టే, పోలీసు రిపోర్టు తీసుకుని ఎంబసీకి తెలిపి మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలి. అందుకే రద్దు చేసేటప్పుడు వీసా ఉన్న పేజీ చూపించి, ముద్ర దాని మీద పడకుండా చూడమని కౌంటర్‌లో ముందే చెప్పండి.

పోయిందని చెప్పాక దొరికితే

సంబరపడి సూట్‌కేసులో పెట్టుకోవద్దు. ఇంటర్‌పోల్ 2002 నుంచి నడుపుతున్న, పోయిన, దొంగతనమైన ప్రయాణ పత్రాల జాబితాలోకి ఆ నంబరు ఎక్కి ఉంటే ఏ దేశపు ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరైనా పట్టుబడే వీలుంది. దొరికిన పుస్తకాన్ని ఆర్‌పీవోకి అప్పగించి రశీదు తీసుకోండి. ఫిర్యాదు ఇచ్చిన పోలీసు స్టేషన్‌కి ఆ రశీదు కాపీ ఇవ్వండి. బదులు దరఖాస్తు పెట్టిన తరువాత, పుస్తకం ఇంకా ముద్రణకి వెళ్ళకముందే దొరికినా ఇదే పద్ధతి. కొత్త ఫైల్ నంబరు, పాత ఫైల్ నంబరు రెండూ ఆ ఉత్తరంలో రాయండి.